పదిహేనో టైల్

కిందటి వారం మన కోడల్ని టైల్స్ షాపు మెట్ల మీద, కాళ్లు పీకి కూలబడిపోయిన స్థితిలో వదిలేశాం. ఆవిడ లేచింది. లేవక చేసేదేముంది? మర్నాడు పొద్దున తొమ్మిదింటిలోగా రంగు తేల్చి చెప్పకపోతే తాపీ సర్దుకుని వేరే ఇంటి పనికి వెళ్లిపోతానని మేస్త్రి తెగేసి చెప్పాడు. వెళ్తే మళ్లీ నాలుగు నెలలకి గాని దొరకడు. గోడలో పైపు పగిలి, బాత్రూం తవ్విపోసి అప్పటికే మూడు నెలలు దాటింది. ఇంట్లో ముగ్గురూ, అంటే కోడలు, ఆవిడ మొగుడు, అత్తగారు, పెరటి వైపు మెట్లు దిగి రేకుల షెడ్డులో స్నానాలు చేస్తున్నారు. అరవై ఎనిమిదేళ్ల అత్తగారు గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగుతుంటే చూడలేక కోడలు ముఖం తిప్పుకునేది.

మరి ఏదో ఒక రంగు వేయించేస్తే పోలేదా అంటారు. ఆ మాట ఆ ఇంట్లో అని చూడండి, తెలుస్తుంది.

అత్తగారు ముప్ఫై ఒక్క ఏళ్లు రంగుల ఫ్యాక్టరీలో పనిచేసింది. తయారైన రంగు డబ్బాల్లోకి ఎక్కే ముందు ఒక అట్టముక్క మీద పూసి, ఆరబెట్టి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అసలు నమూనాతో పోల్చి చూడాలి. ఆ చూసే పని ఆవిడది. ఆవిడ కాదంటే పీపాలకి పీపాలు ఆగిపోయేవి. ఫ్యాక్టరీలో అందరూ ఆవిణ్ణి ‘మిషను’ అనేవాళ్లు. చివరికి నిజంగానే రంగులు పోల్చే మిషనొకటి కొన్నారు. మొదటి రోజే దానికీ ఆవిడకీ మాట తేడా వచ్చింది. విప్పి చూస్తే మిషనుదే తప్పు. ఈ కథ చెప్పేటప్పుడు అత్తగారి ముఖం చూడాలి, పాతికేళ్లు తగ్గిపోయేది.

ఇల్లు కట్టినప్పుడు రంగులన్నీ ఆవిడే ఏరింది. హాల్లో నేల గంధం రంగు. గోడ మొదట్లో చుట్టూ బెత్తెడు ఎత్తున ముదురు కాఫీ రంగు పట్టీ. తలుపులూ అదే కాఫీ రంగు. వంటింటి గోడలు గుడ్డు పెంకు తెలుపు. వీధి తలుపు దగ్గర నిలబడి చూస్తే ఇల్లంతా ఒక్క చేత్తో పరిచినట్టుండేది. చుట్టుపక్కలవాళ్లు పరదా గుడ్డలు కొనే ముందు ముక్క తెచ్చి ఆవిడకి చూపించుకునేవాళ్లు. హాల్లో కూర్చున్నవాళ్లకి బాత్రూం తలుపు తీస్తే ఎదురుగా కనిపించేది ఆ నేలే కాబట్టి, అక్కడ వేసేది తక్కిన ఇంటితో కలవాలి. అది ఆవిడ పట్టుదల. తప్పేం లేదు.

తప్పల్లా ఏమిటంటే ఆవిడకి ఏదీ నచ్చదు. కొరియర్ ఆఫీసులో పొద్దున ఆరు నుంచి ఒంటిగంట దాకా పార్శిళ్లు మోసి, అక్కణ్ణించి షాపులు తిరిగి, కోడలు ఇప్పటిదాకా పధ్నాలుగు శాంపిల్ టైల్స్ తెచ్చింది. ఒకటి పసుపు తిరిగిందంది. ఒకటి చన్నీళ్లలా ఉందంది. ఒకటి బాగానే ఉంది గాని పొద్దుగూకే వేళకి మురికిగా కనిపిస్తుందంది. తొమ్మిదోది మంచి గంధం రంగు, అది హాలు నేల కంటే ఒక్క పిసరు ఎరుపెక్కువట. పిసరంటే ఎంతో కోడలికి కనపడలేదు. మొగుడితో మొర పెట్టుకుంటే, సిటీ బస్సు నడిపి నడిపి వచ్చిన ఆ మనిషి, రంగుల సంగతి అమ్మకే వదిలెయ్యి, అమ్మ చూడకుండా ఈ ఇంట్లో ఒక్క పలక కూడా పడటానికి వీల్లేదు అని పడుకునేవాడు. ఇంతకు ముందెప్పుడూ ఏ విషయంలోనూ అంత గట్టిగా మాట్లాడి ఎరగడు. ఎవరి తల్లి వాళ్లకి గొప్ప, అనుకుని సరిపెట్టుకుంది కోడలు.

ఇవాళ్టిది పదిహేనోది. షాపాయన, మీ హాలు రంగు ఇదేనమ్మా, ఇంతకంటే దగ్గరిది భూమ్మీద లేదు అని చూపించి, జారని రకమే అని గోటితో గీరి మరీ చూపించి, లోపలికి పంపి కాగితం చుట్టించి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసరికి మూడున్నర. చెప్పులు విప్పుతూనే, ఈసారి గంధం రంగే తెచ్చాను అత్తయ్యా, జారని రకం, మేస్త్రి రేపటిదాకానే ఆగుతాడట, ఇది ఖాయం చేసుకుందాం అంది. కాగితం ఒక వైపు చింపి, టైల్‌ని అలాగే బాత్రూం గుమ్మం దగ్గర హాలు నేల మీదకి జార్చి, దానికేసి చూడనైనా చూడకుండా వంటింట్లోకి వెళ్లి టీ నీళ్లు పెట్టింది. చూడాలంటే తల వంచాలి. ఆ ఓపిక కూడా లేదావిడకి.

టీ మరుగుతుండగా హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. తీరిగ్గా, పద్ధతిగా, ఫ్యాక్టరీలో అట్టముక్క పట్టుకుని మాట్లాడినట్టే.

“దగ్గరకొచ్చావమ్మాయ్. గంధమే. కాకపోతే పసుపు కొంచెం ఎక్కువ పడింది. మన నేల పక్కన పాతబడినట్టుంటుంది. ఇంకొకటి చూడు.”

కోడలు పొయ్యి ఆపింది. టీ కూడా వడకట్టలేదు. ఇవాళ ఏదైతే అదవుతుంది, ఈ టైలే వేయిస్తాను అని చెప్పేద్దామని కొంగు దోపుకుని హాల్లోకి వచ్చింది. వచ్చి కింద చూసింది. గుమ్మం దగ్గరున్న టైల్ ఆకుపచ్చ రంగుది.

ఏదో ఛాయ కాదు, అనుమానం కాదు, ఆకుపచ్చే. షాపులో ఎవరో ఒకదానికి బదులు ఇంకొకటి చుట్టి ఇచ్చేశారు. దాని ముందు మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి, అత్తగారు దాన్నే పరీక్షగా చూస్తోంది.

ముందు కోడలికి ఒళ్లు మండిపోయింది. ఇదంతా తనని ఏడిపించడానికేనని తోచింది. ఇంకోసారి సరిగ్గా చూడమంది. అత్తగారికి రోషం వచ్చింది. నాకే చెప్తావా చూడమని అంటూ, పసుపు ఎక్కువైన గంధం రంగు ఎందుకు నిలవదో, తడి తగిలే చోట అది ఎలా పాలిపోతుందో చెప్పుకొచ్చింది. చెప్పినంతసేపూ ఆవిడ చూపు టైల్ మీదే ఉంది. కోడలు మాత్రం ఆవిడ కళ్లని చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగా కోపం ఎటు పోయిందో పోయింది.

పధ్నాలుగు సార్లూ వరసగా గుర్తొచ్చాయి. ప్రతిసారీ గుమ్మంలోనే తను రంగు పేరు చెప్పేసేది. లేత బూడిద తెచ్చానత్తయ్యా. ఇది కాస్త క్రీం రంగు. తను చెప్పకపోతే అత్తగారే ముందు అడిగేది, నీకెలా అనిపించింది అమ్మాయ్ అని. తను చెప్పిన రంగుకి ఒక పిసరు అటో ఇటో జరిపి వంక పెట్టేది. అంతే. ఆవిడంతట ఆవిడ ముందుగా ఒక్క రంగు పేరూ చెప్పలేదు.

“అత్తయ్యా, ఇది ఆకుపచ్చ,” అంది కోడలు. “షాపువాళ్లు పొరపాటున వేరేది ఇచ్చారు.”

అత్తగారు వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయింది. కాసేపటికి చెయ్యి చాపి టైల్ అంచు వెంబడి వేలు నడిపించింది, అక్కడేదో రాసి ఉంటుందన్నట్టు.

“ఎంత ఆకుపచ్చ?” అంది.

ముప్ఫై ఒక్క ఏళ్ల ఉద్యోగం ఆ రెండు మాటల్లో ఉంది. కోడలికి ఏడుపొచ్చింది. లేతదని, కొత్తగా విచ్చిన ఆకు రంగని, అందులో కొంచెం తెలుపు కలిసిందని చెప్పింది. అత్తగారు అర్థమైనట్టు తలూపి, షాపువాడు కళ్లు మూసుకుని కట్టాడన్నమాట అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. గుమ్మానికి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. కోడలూ పక్కనే చతికిలబడింది. ఇద్దరి మధ్యా ఆ టైల్.

రెండేళ్లయిందట. మొదట నీలమూ ఆకుపచ్చా ఒకటైపోయాయి. ఆ తర్వాత పసుపు పోయింది. ఇప్పుడు వెలుగూ చీకటీ, ముదురూ లేతా తెలుస్తాయి. మనుషులు కదిలితే తెలుస్తుంది, మాట వింటే ఎవరో తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి ఏదో వంకతో వెళ్లొచ్చింది. కంటి వెనక నరం ఎండిపోతోందని, ముందు రంగులు పోతాయని, తర్వాత ఎదుటివాళ్ల ముఖాలు పోతాయని చెప్పాడు. మందు లేదన్నాడు. ఆ ముక్క చెప్పడానికి మూడు వారాలు తిప్పుకున్నాడని అత్తగారు డాక్టర్ని రెండు తిట్లు కూడా తిట్టింది.

“నాకిప్పుడు ఇల్లంతా ఒకటే బూడిద అమ్మాయ్. నువ్వు ఆ బాత్రూంలో ఏం వేయించినా నాకొకటే. బాగుందన్నది తీరా వేశాక కలవకపోతే దొరికిపోతానని అన్నిటికీ వద్దన్నాను. ఆ మాట చెబితే ఇంక నేనెవర్ని ఈ ఇంట్లో?”

మూడు నెలలు నన్ను కుక్కలా తిప్పారు కదా అత్తయ్యా అని కోడలి నోటిదాకా వచ్చింది. అనడానికి హక్కుంది కూడా. అరికాళ్లు ఇంకా మండుతున్నాయి. కానీ పెద్దావిడ కూర్చున్న తీరు చూసి ఆ మాట మింగేసింది. జాలీ, కోపమూ, వాటికంటే ఎక్కువగా అలసటా కలిసి ముంచుకొచ్చాయి. లేచి వెళ్లి ఆ కాగిన టీయే వడకట్టి రెండు గ్లాసుల్లో తెచ్చింది. చేదుగా ఉంది. ఇద్దరూ అలాగే తాగేశారు.

తాగాక కోడలే అంది, రంగు పేరు నేను చెప్తాను, కలుస్తుందో లేదో మీరు చెప్పండి, ఈ మధ్యాహ్నమే తేల్చేద్దాం అని. అత్తగారు మొదట నా వల్ల కాదంది. తర్వాత, ఒక్క నిమిషం ఆగి, ఆ పధ్నాలుగూ పట్టుకురమ్మంది. షెడ్డులోంచి కోడలు వాటిని రెండు విడతలుగా మోసుకొచ్చింది. ఆవిడ చెప్పినట్టే హాల్లో ఒక పలక తడిపింది, దాని పక్కన ఒక్కో టైల్‌నీ తడిపి పెట్టింది. తడిసినప్పుడు రెండూ ఒకే లెక్కన ముదిరితే ఆ రెండూ పక్కపక్కన పడి ఉంటాయి, ఒకటి ముదిరి ఒకటి ముదరకపోతే ఎండలో బాగున్నా ఎప్పటికైనా పోట్లాడుకుంటాయి అని అత్తగారు నేర్పింది. ముదురూ లేతా ఆవిడకి ఇంకా తెలుస్తాయి కదా. పలకల మీదకి వంగి ఆవిడ మళ్లీ మిషను అయిపోయింది. కోడలు రంగు చెప్పడం, ఆవిడ ముదురెంతో చెప్పడం. పావుగంటలో పదకొండు టైల్స్ పక్కకి వెళ్లిపోయాయి.

చివరికి తేలింది తొమ్మిదోదే, ఒక్క పిసరు ఎరుపని తోసేసిన గంధం రంగుది. ఎరుపు లేదేమీ, నోటికొచ్చింది అన్నాను అని అత్తగారు ఒప్పేసుకుంది. అయితే దాన్ని నేలకి వద్దంది, గోడలకి వేయించమంది. నేలకి ఆరోది పెట్టమంది, అది కాఫీ రంగు, తలుపులకీ పట్టీకీ సరిగ్గా జత. నేల హాలుతో కలవాలని పట్టుబట్టింది మీరే కదా అని కోడలు ఆశ్చర్యపోయింది.

“నేలా గోడా ఒకే రంగైతే నాకు అంచు తెలీదమ్మా. నీళ్లలో కాలు ఎక్కడ పెడుతున్నానో తెలీదు. నేల ముదురుగా, గోడ లేతగా ఉంటే తెలుస్తుంది. తలుపుల రంగు ఇంట్లో ఉండనే ఉంది, కాబట్టి పరాయిది అనిపించదు.”

బావుంది. నిజంగా బావుంది. రెండింటినీ గుమ్మంలో నిలబెట్టి చూస్తే, ఇన్నాళ్లూ ఇది ఎందుకు తోచలేదా అనిపించింది కోడలికి. మేస్త్రికి ఫోన్ చేసి చెప్పేసింది. పొద్దున్నే ఇసుక జల్లించి ఉంచుతానన్నాడు మేస్త్రి. మూడు నెలల బరువు దిగిపోయింది. గోడకి జారబడి, రాత్రి ఆయన రాగానే నేనే నెమ్మదిగా చెప్తాను, కళ్ల సంగతి దాచాల్సిన పని లేదు, కొడుకేగా, అర్థం చేసుకుంటాడు అంది.

అత్తగారు ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది.

“వాడికి తెలుసు.”

ఎప్పట్నుంచి అని అడిగింది కోడలు. ఎనిమిది నెలల నుంచి అంది అత్తగారు. కోడలికి ముందు అర్థం కాలేదు. తెలిసి తెలిసి మొగుడు తనని పధ్నాలుగు సార్లు షాపులకి తిప్పాడా? అమ్మ చూడకుండా ఒక్క పలక కూడా పడదన్న మనిషి, అమ్మకి కనపడదని తెలిసే అన్నాడా? పిచ్చిదాన్ని చేశారు ఇద్దరూ కలిసి, అని అనేలోపు అత్తగారు మిగిలింది చెప్పేసింది. ఇంక దాచే ఓపిక ఆవిడకీ లేదు.

“ఇది మా రక్తంలో వచ్చేదట. నా కళ్ల సంగతి నలుగురికీ తెలిస్తే వాడి కళ్ల సంగతి అడుగుతారు. అందుకే నన్ను రంగులు చూస్తున్నట్టే ఉండమన్నాడు. ఇద్దరం ఒకే రోజు చూపించుకున్నాం అమ్మాయ్. వాడిక్కూడా మొదలైంది.”

కోడలు ఒకే ఒక ప్రశ్న అడిగింది. సిగ్నల్ దగ్గర ఎరుపో ఆకుపచ్చో ఆయనకి ఎలా తెలుస్తోంది? పై దీపం వెలిగిందా కింది దీపం వెలిగిందా చూసుకుంటాడట అని తల్లి చెప్పింది. ముందు బండి ఆగితే ఆగుతాడట. ఇంకా మొదలే కదా, రంగులు కూడా వాడికి పూర్తిగా పోలేదు, ముఖాల దాకా రావడానికి ఏళ్లు పడుతుందన్నాడు డాక్టరు, డ్రైవర్లకి చేసే కంటి పరీక్ష మళ్లీ వచ్చేలోపు డిపోలోనే కూర్చునే పని అడుగుతానన్నాడు, అని చెప్పుకుంటూ పోయింది. కొడుకు తనకి చెప్పిన ధైర్యాన్నే కోడలికి అప్పజెబుతోంది. ఆ ఉద్యోగం పోతే వాడేమైపోతాడో నాకు తెలుసమ్మా, అందుకే నోరు మూసుకున్నాను అని కూడా అంది.

గోడ గడియారంలో ఐదు కావడానికి పావుగంట ఉంది. సాయంత్రం ఆయన నడిపే రెండో ట్రిప్పు బస్సు ఐదుకి పది నిమిషాలుండగా వాళ్ల వీధి చివర స్టాపుకి వస్తుంది. పదహారేళ్లుగా ఆ వేళకి ఆ బస్సు హారను వింటే కోడలికి ఒక నెమ్మది, మనిషి సగం ఇంటికి వచ్చేసినట్టు. ఇవాళ ఆ హారను మోగేదాకా కూర్చోలేకపోయింది. లేచి చెప్పులేసుకుంది. ఎక్కడికి అమ్మాయ్ అని అత్తగారు అడుగుతుంటే, ఇప్పుడే వస్తానంది. తలుపు దగ్గరకి వేయడం కూడా మరిచిపోయింది.

ఏం చేయాలని వెళ్తోందో ఆవిడకే తెలీదు. దింపేసి తీసుకురావాలా? జనం ముందు అడగాలా? ఆయన్ని చూడాలి, అంతే. చూస్తే తెలిసిపోతుందనిపించింది. తననొక్కసారి చూసి, ఏమిటి ఇక్కడ ఉన్నావు అని కనుబొమలెత్తితే చాలు, రాత్రి దాకా ఊపిరి పట్టుకుని ఉండగలదు.

బస్సు వేళకే వచ్చింది. సరిగ్గా గీత దగ్గరే ఆగింది. ముందు తలుపు తెరుచుకుంది. ఇద్దరు దిగేదాకా ఆగి ఆవిడ ఎక్కింది. స్టీరింగు ముందు ఆయన, పొద్దున తను ఇస్త్రీ చేసిన చొక్కాలో. ఇద్దరికీ మధ్య మూడడుగుల దూరం. వెలుగు ఆవిడ ముఖం మీదే పడుతోంది. ఆయన తల తిప్పి ఆవిడ ముఖంలోకి సూటిగా చూశాడు. ఆవిడ నోరు తెరవలేదు, ఆయన అనేది విందామని.

“తలుపు దగ్గర నిలబడకండమ్మా,” అన్నాడాయన మర్యాదగా. “లోపలికి జరగండి, బస్సు కదలాలి.”

ఆవిడ వెనకే తలుపు మూసుకుంది. బస్సు నిండా జనం ఉన్నారు. ఆయన గేరు వేశాడు.